పాలు లేని పాలు

రాగుల చోడిజావ గిన్నె నిన్న సాయంత్రం నుంచి పెట్టినచోటే ఉంది. పైన తెట్టు కట్టి, అంచుల దగ్గర ఎండి పగుళ్ళు తేలింది. దేముడమ్మ దాన్ని పారబోయనూ లేదు, కోడలి ముందునుంచి జరపనూ లేదు.

చేసిన తప్పల్లా రెండు చెంచాల పాలపొడి కలపడం. అంతకంటే ఘోరాలు చేసి కాలుమీద కాలేసుకుని కూర్చునే అత్తలు రాజాంలో వీధికి పదిమంది దొరుకుతారు. కాని నిన్న ఒక్క గుక్క నోట్లో పోసుకుని దేవి తలెత్తి చూసిన చూపు మాత్రం దేముడమ్మకి ఇంకా ఒంటిమీదనుంచి దిగలేదు.

"ఇందులో ఏటి కలిపినావత్తా?"

"ఏటీ నేదే. సోళ్ళు, బెల్లం."

దేవి గిన్నె కింద పెట్టేసింది. అప్పట్నుంచి ఎవరి చేతి మెతుకూ ముట్టలేదు. కుళాయి దగ్గరికి తానే వెళ్ళి, గ్లాసు తానే కడుక్కుని నీళ్ళు తాగుతోంది, అంతే. బిడ్డ పోయి ఆరు నెలలు. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, చేప, అన్నీ మానేసి నాలుగు నెలలు. ఒంట్లో రక్తం సగానికి పడిపోయిందని డాక్టరమ్మ మొన్ననే కోప్పడింది.

యుగంధర్ ఆటోలోంచి చేపల పెట్టెలు మార్కెట్లో దింపి అప్పుడే ఇంటికొచ్చాడు. గిన్నెని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, మావకి ఫోన్ సేసినాను. మూడు గంటల బస్సుకి దిగుతాడు. కూతుర్ని తీసుకుపొమ్మన్నాను."

"ఎవుల్నడిగి సేసినావురా?"

"ఎవుల్నడగాల? నా కళ్ళముందర మడిసి ఎండిపోతన్నాది. యూట్యూబులో ఎవుడో వాగినాడనీసి కూడు మానేసి కూకుంటే నాను సూస్తా ఊరుకోవాలేటి?"

"యూట్యూబ్ కాదు," అంది దేవి గోడకేసి చూస్తూనే.

"మరేటి? సెప్పు. సెప్పి సావు."

నాలుగు నెలలుగా ఈ ప్రశ్న ఇక్కడిదాకా వస్తుంది, ఇక్కడే చస్తుంది.

"సూసినావా? ఇదీ వరస," అన్నాడు యుగంధర్. "బిడ్డ దానికేనా పోనాది? నాకు పోనేదేటి? ఆరు నెల్లలో నా పక్కన కూకుని ఒక్కపాలి ఏడవనేదమ్మా ఇది. మన సేతుల్లో సేపలోసన, మన గుడ్డల్లో సేపలోసన. మనం దానికి పడం. ఆళ్ళ నాన్న కాడే ఉండనీ."

వాళ్ళ నాన్నంటే ఎవరో పరాయివాడు కాదు. లక్ష్ముడు దేముడమ్మకి సొంత తమ్ముడు. సముద్రపు ఒడ్డునున్న పుట్టింటినుంచి మేనకోడల్ని ఏరి కోరి కొడుక్కి చేసుకుంది. ఇవాళ ఆ పిల్ల సంచి పట్టుకుని గుమ్మం దిగితే కోడలొక్కతే కాదు, తమ్ముడూ పోతాడు. నలభై ఏళ్ళుగా వెళ్ళి వస్తున్న పుట్టింటి దారి మూసుకుపోతుంది.

దేముడమ్మ కొంగు దోపుకుంది.

"మూడింటికి గదా? అది తినేదేదో నాను తెస్తాను. దాని కళ్ళముందర వండుతాను. తింటే ఉంటాది. నా తమ్ముడికి నాను సెప్పుకుంటాను."

"తినకపోతే?"

దేముడమ్మ కోడలి పక్కన చతికిలబడింది. "నోరిడిసి సెప్పు తల్లీ. ఏటి తింటావు?"

దేవి అంది. "పాలు తగల్నిది. గుడ్డు తగల్నిది. నెయ్యి, తేనె..."

"తేనె కూడానేటే? ఈగలేటి సేసినాయే నిన్ను?"

ఇంకోనాడైతే ఆ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఇవాళ యుగంధర్ మొహం తిప్పుకున్నాడు.

* * *

రాజాం మార్కెట్లో దేముడమ్మ గొంతు తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళుగా చేపలమ్ముతోంది. బేరమాడడానికొచ్చిన పెద్దమనుషుల్ని కూడా ఒక్క మాటతో కూర్చోబెట్టి నవ్వించి పంపగలదు. అలాంటి మనిషి మెయిన్‌రోడ్డు మీద అద్దాల సూపర్‌మార్కెట్ తలుపు ముందు నిలబడి, తోయాలో లాగాలో తెలియక వెనకా ముందూ ఆడింది.

లోపల చల్లగా ఉంది. ఆమె పక్కనుంచి నడిచిన ఇద్దరు ఆడవాళ్ళు ముక్కుకి పైట అడ్డం పెట్టుకున్నారు. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకునే వచ్చింది. అయినా చేపల వాసన పట్టాలనుకున్నవాళ్ళకి పట్టే తీరుతుంది.

కౌంటర్లో ఉన్న పిల్ల పేరు దుర్గాభవాని. "ఏం కావాలమ్మా?" అంది.

"పాలు నేని పాలు."

ఆ పిల్ల పక్కుమంది. దేముడమ్మకి ఒళ్ళు మండింది కాని ఈ కొట్టు తన చేపల బల్ల కాదు, నోరు నొక్కుకుంది. బుట్ట పట్టుకుని అరలన్నీ తిరిగింది. పచ్చచుక్క ఉంటే నీచు లేనట్టని ఎవరో ఎప్పుడో చెప్పగా విని ఉంది. పచ్చచుక్క కనిపించిందల్లా బుట్టలో వేసింది. బిస్కట్లు, రొట్టె, సీసాలో బాదం పాలు, బలం పొడి డబ్బా, సేమ్యా పాయసం ప్యాకెట్టు, మీల్‌మేకరు. తెచ్చి కౌంటరు మీద గుమ్మరించి గెలిచినట్టు నిలబడింది.

"అన్నింటికీ పచ్చసుక్కే. సూసుకో."

దుర్గాభవానికి నవ్వు పోయింది. "అమ్మా, పచ్చచుక్కంటే మాంసం, గుడ్డు లేవని. పాలు ఉండొచ్చు."

"పాలుంటే పచ్చసుక్క ఎలగ ఎడతారు?"

"పెడతారమ్మా. అదంతే." ఆ పిల్ల ఒక్కో ప్యాకెట్టు వెనక్కి తిప్పి, సన్నటి అక్షరాలు వేలితో చూపిస్తూ చదివింది. బిస్కట్లలో పాలు. రొట్టెలో పాలపొడి. బాదం పాలు అంటే పాలలో బాదం. బలం పొడి సరేసరి. చదివిందల్లా పక్కన పెడుతూ పోతే చివరికి మీల్‌మేకరు ప్యాకెట్టు ఒక్కటే మిగిలింది.

దేముడమ్మ ఆ ఒక్క ప్యాకెట్టు వంక చూస్తూ ఉండిపోయింది. నాలుగు నెలలుగా కోడలు ఈ ఊళ్ళో ఏం తిని బతికిందో ఆమెకి మొదటిసారి తట్టింది. ఇంత బజారులో ఆ పిల్లకి దొరికేది ఇంతేనా అనుకుంది.

"సోయా పాలని ఉంటాయమ్మా. ఒకసారి తెప్పించాం. ఎవరూ కొనలేదు, తేదీ దాటిపోతే వెనక్కి పంపేశాం. వైజాగ్‌లో అయితే దొరుకుతాయి." గొంతు తగ్గించి అడిగింది. "ఎవరికమ్మా? పాలు పడవా?"

"నా కోడలికి. బిడ్డ పోనాది."

అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదు. ఆ మాట ఎందుకన్నదో దేముడమ్మకే తెలియలేదు. దుర్గాభవాని ఇంకేం అడక్కుండా మీల్‌మేకరు ప్యాకెట్టు సంచిలో వేసి చేతికిచ్చింది.

అక్కడినుంచి పాతబజారులో ధనరాజు కొట్టుకి నడిచింది. కిరాణాకొట్టు ధనరాజు ముప్ఫై ఏళ్ళుగా ఆమె దగ్గరే చేపలు కొంటాడు, అక్క వరసతో 'అప్పా' అంటూ ముప్ఫై ఏళ్ళుగా ఆమెతో వేళాకోళమాడతాడు. సంగతి చెప్పగానే తక్కెడ వదిలేసి చేతులెత్తాడు.

"ఓలమ్మో! మా ఈదిలో పంతులుగారు పెరుగు నేకపోతే ముద్ద ముట్టడు. నీ కోడలు ఆయన్ని మించిపోనాదే! సేపల దేముడమ్మ ఇంట్లో ఇంత మడేటి?"

కొట్టులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇప్పుడు దేముడమ్మ నోరు విప్పుతుంది, ధనరాజుని ఉతికి ఆరేస్తుంది అని అందరూ కాసుకుని చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

ధనరాజు గబుక్కున కొట్టు దిగివచ్చాడు. "తప్పయిపోనాదప్పా. కూకో. ఈ బస్తా మీద కూకో." మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగేదాకా పక్కనే నిలబడి, నెమ్మదిగా అడిగాడు. "మీ యమ్మ నిన్నేటెట్టి పెంచింది? గేదె ఉండేదా మీకు?"

"గేదా? మా సిన్నప్పుడు పాలంటే టీలోకే. అదీ సుట్టాలొస్తే."

"మరి బతకనేదేటి నువ్వు? రాయిలాగున్నావు." నవ్వించబోయి మానుకున్నాడు. "సోళ్ళంబలి, ఉలవసారు, నువ్వులుండ, ఎండుకొబ్బరి. పాలు ఎరగని కూడు మనకి కొత్తేటప్పా? అద్దాల కొట్లో ఎతికితే ఎలగ దొరుకుతాది? నువ్వులు నానెట్టి, రుబ్బి, గుడ్డలో పిండు. తెల్లగా పాలే దిగుతాయి. మా అమ్మ కడుపునొప్పికి ఇచ్చేది."

నువ్వులు, వేరుశెనగపప్పు, ఉలవలు, బెల్లం, రెండు కొబ్బరికాయలు తానే కట్టి ఇచ్చాడు. దేముడమ్మ పక్క కొట్లో కొత్త స్టీలు గిన్నె, కొత్త తువ్వాలు తీసుకుంది. ఇంట్లో ప్రతి గిన్నెలోనూ ఏదో ఒకనాడు చేప ఉడికింది మరి.

* * *

తెచ్చినవన్నీ కోడలి ముందు చాప మీద పరిచింది. నువ్వుల పొట్లం విప్పి చూపించింది. బెల్లం చిదిపి చూపించింది. కొత్త గిన్నె వెల్లకిలా తిప్పి, అడుగున ఇంకా ఊడని కాగితం ముక్క చూపించింది.

"సూడు. ఇదీ. ఇంకేటీ నేదు. నీ కళ్ళముందరే సేస్తాను."

దేవి మోకాళ్ళ మీద గడ్డం ఆనించి చూస్తోంది.

వేన్నీళ్ళలో నువ్వులు నానేదాకా దేముడమ్మ కొబ్బరి తురిమింది. రోలు చింతపండు పెట్టి తోమి, రెండు వాయలు రుబ్బింది. తువ్వాలులో వేసి మూట కట్టి పిండితే నిజంగానే పాలు దిగాయి. బెల్లం కలిపింది. అంతా అయ్యాక, చేతులు తుడుచుకుంటూ, కోడలి మొహంలోకి చూడకుండా అంది.

"నిన్న పాలపొడి కలిపినాను. నేదని అబద్ధమాడినాను. తప్పయిపోనాదే."

ఆ మాట ఆమె జన్మలో ఎవరితోనూ అనలేదు. కట్టుకున్నవాడితో సైతం అనలేదు. దేవి కళ్ళు ఒక్క క్షణం ఆమె మీద ఆగాయి.

వాకిట్లో ఆటో ఆగింది. లక్ష్ముడు దిగాడు. నల్లగా, సన్నగా, ఉప్పుగాలికి ముడతలు పడ్డ మొహం. లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. యుగంధర్ పక్కకొచ్చి నిలబడ్డాడు కాని మామా అల్లుళ్ళు పలకరించుకోలేదు.

"అప్పా. నా గుంట నీకు బరువయిపోనాదా?"

"నోరు ముయ్యిరా లక్ష్ముడూ. నాను పంపుతన్నానేటి? ఆడు ఫోన్ సేసినాడు గాని నాను సెప్పినానేటి?"

"ఆడు నీ కొడుకు గాదేటి?"

"నీ అల్లుడు గాడేటి?"

దేముడమ్మే మళ్ళీ అందుకుంది. "ఒక్క గలాసు. అది తాగితే నా కాడే ఉంటాది. తాగకపోతే తీసుకుపో. నానింకేటీ అనను."

గ్లాసు రెండు చేతులా పట్టుకుని వెళ్ళి దేవి ముందు పెట్టింది. దేవి గ్లాసు తీసుకుంది, తాగలేదు.

"ఇందులో ఏటీ నేదు గదా అత్తా?"

"సూసినావు గదే. నీ మీదొట్టు."

"ఒట్లొద్దు." దేవి గ్లాసులోకే చూస్తోంది. "వానలు పడ్డ కొత్తల్లో నన్ను గురమ్మత్త ఇంటికి పాలకి పంపినావు. గుర్తున్నాదా?"

గురమ్మ వెనక వీధిలో పాలమ్ముతుంది. దేముడమ్మ తలూపింది.

"ఆవిడ ఆవుకి దూడ సచ్చిపోనాది. తోలు ఒలిపించి, లోపల గడ్డి కుక్కి, నాలుగు కర్రలు గుచ్చి ఆవు ముందర నిలబెట్టింది. ఆవు దాన్ని నాకుతన్నాది. తల, ఈపు, అన్నీ నాకుతన్నాది. గురమ్మత్త పక్కన కూకుని పాలు పిండుకుంటన్నాది." దేవి ఆగింది. "నాకు రైక తడిసిపోనాదత్తా. బిడ్డ పోయి రెండు నెల్లయినా. ఆ పాలు రోడ్డు మీద పారబోసి వచ్చినాను. మరింక ముట్టబుద్ధి కానేదు. గుడ్డు కొట్టినా, కడుపులో గుడ్ల జనున్న సేప కోసినా, అదే గుర్తొస్తన్నాది."

అరుగు మీదనుంచి లక్ష్ముడు అన్నాడు. "అందరూ సేసేదేనమ్మా అది. ఆవుకేటి తెలుస్తాది? దూడే అనుకుంటాది."

దేవి తండ్రివైపు చూడలేదు. అత్త కళ్ళలోకి చూసింది.

"ఆస్పత్రి నుంచి తెచ్చిన రాత్రి నా పక్కలో గుడ్డల మూట ఎట్టినావు."

దేముడమ్మ గోడ పట్టుకుంది.

ఆ రాత్రి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పసిది పోయిందని చెప్పకుండానే, జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఇంటికి తెచ్చారు. చెంచాడు గంజి నోట్లోకి పోనివ్వకుండా పాప ఏది, పాప ఏది అని ఒకటే కలవరింత. దేముడమ్మ తన పాత చీర చింపి, మూట కట్టి, పసిదాని తువ్వాలు చుట్టి పక్కలో పెట్టింది. దేవి చెయ్యి వేసింది. గంజి తాగింది. తెల్లారగట్ల దేముడమ్మ ఆ మూట తీసి దాచేసింది. జ్వరం దిగాక నిజం చెప్పి, ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఒంటిమీద తెలివి లేని పిల్లకి ఆ రాత్రి ఏం గుర్తుంటుందిలే అనుకుంది.

"నీకు జొరమే తల్లీ... గెంజి తాగుతావనీసి..."

"తాగినాను గదా."

"తెలివి ఉన్నాదేటే నీకు అప్పుడు?"

"సెయ్యెయ్యగానే తెలిసిపోనాదత్తా. పసిపిల్లంటే ఎచ్చగుంటాది."

"తెలిస్తే తెల్లారేదాకా సెయ్యి తియ్యనేదేటే మరి?"

"నువ్వు గెంజి గిన్నె పట్టుకుని ఏడుస్తన్నావు. నాను సెయ్యి తీస్తే పాప పోనాదని ఇద్దరం ఒప్పుకోవాల." దేవి గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. "ఆవుకీ తెలుసునత్తా. తెలిసే నాకుతాది."

దేముడమ్మ కూలబడి, కోడలి పాదాలు రెండూ పట్టుకుని ఏడ్చింది. మార్కెట్టంతా వినిపించే గొంతు ఆమెది, ఇప్పుడు ఊపిరి తప్ప ఏమీ బయటికి రాలేదు. అంతా పిల్ల మేలుకే చేసింది. ఆ మేలే పిల్ల గొంతుకి అడ్డం పడిందని ఆరు నెలలు ఒకే కప్పు కింద ఉండి కూడా తెలుసుకోలేకపోయింది.

దేవి వంగి అత్త చేతులు విడిపించింది. గ్లాసు ఎత్తి, ఆపకుండా, అడుగుదాకా తాగింది. మూతి తుడుచుకుంది.

"బాగున్నాదత్తా."

లక్ష్ముడు అరుగు మీద కళ్ళొత్తుకున్నాడు. యుగంధర్ గుమ్మంలోకి ఒక అడుగు వేశాడు.

"నానెక్కడికీ ఎల్లను," అంది దేవి. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత స్పష్టంగా విని చాలా నాళ్ళయింది. "ఇక్కడే ఉంటాను. మీరు తినేది మీరు తినండి, నాది నాను వండుకుంటాను. ఒక్కటే అడుగుతాను. నా మంచికనీసి నాకింక అబద్ధం సెప్పకండి."

"సెప్పనే తల్లీ. ఈ జన్మకి సెప్పను," అంది దేముడమ్మ.

"అయితే పాపని పూడ్సిన కాడికి నన్ను తీసుకెల్లండి. ఆడోళ్ళు రాకూడదని జొరం దిగినాక గూడా నన్ను రానివ్వనేదు. బావా, నాన్నా, మీరిద్దరే గదా ఎల్లింది. ఇప్పుడు ఎల్దాం. ఒక్కపాలి ఆ మట్టి మీద సెయ్యెట్టి వచ్చేస్తాను."

దేముడమ్మకి పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది. కళ్ళు తుడుచుకుంటూ కొడుకు వైపు తిరిగింది. "ఎల్లరా. ఆటో తియ్యి. పొద్దుండగానే తీసుకెల్లి తీసుకురా."

యుగంధర్ కదల్లేదు. మామ వైపు చూశాడు. లక్ష్ముడు నేలకేసి చూస్తున్నాడు, అరుగు మీద వేలితో ఏవో గీతలు గీస్తున్నాడు.

"ఏటిరా?" అంది దేముడమ్మ. "ఏటి, అలగ సూసుకుంటన్నారు? ఏట్లో ఇసక తవ్వి పూడ్సినామన్నారు గదా?"

లక్ష్ముడు లేచి, వాళ్ళకి వీపు పెట్టి నిలబడ్డాడు.

"బావా," అంది దేవి.

యుగంధర్ వచ్చి దేవి ముందు నేలమీద కూర్చున్నాడు.

"అక్కడేటీ నేదు దేవీ. తొలి వానలకి ఏరొచ్చి ఆ ఇసకంతా పట్టుకుపోనాది, నీ మంచికనీసి సెప్పనేదు."